6,500 – 37 – 3: ఒక వాదనను డీబగ్ చేద్దాం

దోహా నగరానికి దక్షిణాన, హమద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న పేట అల్ తుమామా. విల్లాలు, కాంపౌండ్లు, పక్కనే తెల్లటి టోపీ బోర్లించినట్టుండే స్టేడియం. ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీని గహ్ఫియా అంటారు. ఖతార్‌కే చెందిన ఆర్కిటెక్ట్ ఇబ్రహీం జైదా ఆ టోపీ ఆకారంలోనే దీన్ని రూపొందించాడు. 2021 అక్టోబరు 22న అమీర్ కప్ ఫైనల్‌తో స్టేడియం ప్రారంభమైంది. 2022 ప్రపంచకప్‌లో ఎనిమిది ఆటలు ఇందులో జరిగాయి. డిసెంబరు 10న మొరాకో 1-0తో పోర్చుగల్‌ని ఓడించి, ప్రపంచకప్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టుగా, మొదటి అరబ్బు జట్టుగా పేరు తెచ్చుకున్నది కూడా ఇక్కడే.

ఊరినుంచి చుట్టాలెవరైనా వస్తే ఈ స్టేడియం చూపించడం ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక ఆనవాయితీ. కారు దిగి ఫోటో తీసుకున్నాక ఎవరో ఒకరు అడుగుతారు: "ఇవి కట్టడానికి ఆరున్నర వేలమంది చచ్చిపోయారట కదండీ?" పక్కనే ఇంకొకరు అందుకుంటారు: "అదంతా పేపరు వాళ్ళ కల్పనండీ, పోయింది ముగ్గురే." అంతే, శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ చల్లారిపోయేదాకా వాదన నడుస్తుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఇద్దరి దగ్గరా సంఖ్యలున్నాయి. ఆ రెండు సంఖ్యలూ గాల్లోంచి పుట్టినవి కావు. మరి ఈ తగాదా ఎందుకు తెగదు?

తర్కదోషాల గురించి రాసేవాళ్ళు సాధారణంగా అమెరికా ఎన్నికలనుంచో, సబ్బుల ప్రకటనలనుంచో ఉదాహరణలు తెస్తారు. మనకి అంత దూరం పోనక్కరలేదు. గల్ఫ్‌లో ఉన్న తెలుగువాడి గుమ్మం ముందే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. పైగా ఆ వాదనలో లెక్కకొచ్చిన మనుషుల్లో జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ పల్లెలనుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఈసారి కోడ్‌ని పక్కనపెట్టి ఈ వాదననే డీబగ్ చేద్దాం.

ముందు డేటా

ఖతార్‌కి ప్రపంచకప్ దక్కింది 2010 డిసెంబరు 2న. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్ ఒక కథనం ప్రచురించింది. ఐదు దక్షిణాసియా దేశాలనుంచి ఖతార్ వచ్చి, ఆ తర్వాతి పదేళ్ళలో చనిపోయినవాళ్ళ సంఖ్యను అది కూడింది. భారత్ 2,711, నేపాల్ 1,641, బంగ్లాదేశ్ 1,018, పాకిస్తాన్ 824, శ్రీలంక 557. మొత్తం 6,751. శీర్షికలో అది 6,500 అయింది. మృతుల వృత్తిని బట్టిగాని, పనిచేసిన చోటును బట్టిగాని రికార్డులు విడదీసి లేవన్న సంగతి ఆ కథనంలోనే ఉంది. ఫిలిప్పీన్స్, కెన్యా లాంటి దేశాల లెక్క ఇందులో కలవలేదన్నదీ ఉంది.

ప్రపంచకప్ నిర్వాహక సంఘం, అంటే సుప్రీం కమిటీ, వేరే లెక్క చెప్పింది. స్టేడియం నిర్మాణ స్థలాల్లో పనిచేసినవాళ్ళలో 37 మంది చనిపోయారు. వాటిలో 34 పనికి సంబంధం లేనివి, 3 పనికి సంబంధించినవి.

2022 నవంబరు చివర్లో, పోటీలు జరుగుతుండగా, సుప్రీం కమిటీ ప్రధాన కార్యదర్శి హసన్ అల్ తవాదీ ఒక టీవీ ఇంటర్వ్యూలో ప్రపంచకప్ పనుల్లో చనిపోయినవాళ్ళు 400 నుంచి 500 దాకా ఉండవచ్చన్నాడు. అది 2014 నుంచి 2020 వరకు దేశం మొత్తం మీద, అన్ని రంగాల్లోనూ పని సంబంధంగా జరిగిన 414 మరణాల గురించి అని కమిటీ తర్వాత వివరణ ఇచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 నవంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో ఖతార్‌లో పని వల్ల పోయినవాళ్ళు 50 మంది, తీవ్రంగా గాయపడ్డవాళ్ళు 506 మంది.

6,500, 414, 37, 3. ఈ నాలుగింటిలో ఏదీ అబద్ధపు సంఖ్య కాదు. నాలుగూ నాలుగు వేరు వేరు ప్రశ్నలకి జవాబులు. తగాదా పడేవాళ్ళు మాత్రం ఒకే ప్రశ్నకి నాలుగు జవాబులనుకుంటారు.

వేర్ క్లాజు ఎక్కడ?

మన భాషలో చెప్పాలంటే 6,500 అనేది వేర్ క్లాజు లేని క్వెరీ. "ఈ ఐదు దేశాలవాళ్ళ మరణాలన్నీ లెక్కపెట్టు" అని అడిగితే వచ్చిన జవాబు. అందులో కూలీలున్నారు, డ్రైవర్లున్నారు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళున్నారు, మనలాంటి ఆఫీసు ఉద్యోగులూ ఉన్నారు. రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు, జబ్బులు అన్నీ ఉన్నాయి. ఆ జవాబుని తీసుకొచ్చి "స్టేడియంలు కడుతూ పోయినవాళ్ళు" అన్న శీర్షిక కింద అతికిస్తే అది తప్పే.

మన తార్కికులు ఈ తప్పుకి పేరు పెట్టారు. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడని పండితులు చెప్పే అన్నంభట్టు 'తర్కసంగ్రహం' అనే చిన్న పుస్తకం రాశాడు. సంస్కృతంలో తర్కశాస్త్రం మొదలుపెట్టేవాడు ఈనాటికీ దాంతోనే మొదలుపెడతాడు. కాశీ వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడు అని ఒక నానుడి కూడా ఉంది. హేతువులా కనిపించే దొంగ హేతువుని ఆయన హేత్వాభాసం అంటాడు. అవి ఐదు రకాలు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. "శబ్దం ఒక గుణం, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది" అన్నాడనుకోండి. శబ్దం గుణమే కావచ్చు. కాని కంటికి కనిపించడమన్న లక్షణం శబ్దంలో అసలు లేదు. ఇది అసిద్ధంలో ఒక రకం, స్వరూపాసిద్ధం. 6,500 సంగతీ అంతే. 'స్టేడియంలో పని' అన్న లక్షణం ఆ డేటాలో లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హేతువు చెడినంత మాత్రాన ప్రతిజ్ఞ, అంటే నిరూపించబోయే మాట, అబద్ధమైపోదు. శబ్దం కంటికి కనిపించదు కాబట్టి శబ్దం గుణం కాదు అనగలమా? అనలేం. అలాగే 6,500 స్టేడియం లెక్క కాదు కాబట్టి ఇక్కడ కార్మికుల చావుల్లో పనికి పాత్రే లేదు అనీ అనలేం. చెప్పినవాడి వాదన ఓడింది, ప్రశ్న మిగిలింది. శుక్రవారం తగాదాల్లో నూటికి తొంభై ఇక్కడే దారి తప్పుతాయి. ఎదుటివాడి తప్పు దొరికిన ఆనందంలో ప్రశ్నని మరచిపోతాం.

తొమ్మిది కంబళ్ళ బేరం

'ప్రపంచకప్ పనులు' అంటే ఏమిటి? సుప్రీం కమిటీ లెక్కలో స్టేడియంలు, వాటి అనుబంధ స్థలాలు. విమర్శకుల లెక్కలో మెట్రో, కొత్త రోడ్లు, విమానాశ్రయం, హోటళ్ళు, లుసైల్ అనే కొత్త నగరం అంతా ప్రపంచకప్పే. సాక్షాత్తూ కార్యదర్శి నోటినుంచే 400 అని రావడం, ఆ మాట దేశం మొత్తం లెక్క గురించి అని తర్వాత సర్దుకోవలసి రావడం చూస్తే, మాట ఎంత జారుడుగా ఉందో తెలుస్తుంది.

న్యాయశాస్త్రంలో దీన్ని ఛలం అంటారు. అందులో మొదటి రకం వాక్ఛలం. సంస్కృతంలో 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలున్నాయి. ఒకడు "ఈ కుర్రాడిది నవ కంబళం" అంటాడు, కొత్త కంబళి అనే ఉద్దేశంతో. పక్కవాడు "ఒక్కటేగా ఉంది, తొమ్మిదెక్కడున్నాయి?" అని పట్టుకుంటాడు. స్కోపు నిర్వచించని ప్రాజెక్టులో క్లయింటుకీ మనకీ జరిగేది కూడా ఇదే కదూ! పదానికి అర్థం తేల్చకుండా సంఖ్య గురించి కొట్లాడితే తొమ్మిది కంబళ్ళ బేరమే మిగులుతుంది.

నల్ అంటే సున్నా కాదు

ఇప్పుడు రెండోవైపు వద్దాం. 37 మరణాల్లో 34 'పనికి సంబంధం లేనివి' అని ఎలా తేల్చారు?

ఖతార్‌లో చనిపోయిన వలస కార్మికుల పత్రాల్లో ఎక్కువగా కనిపించే మాటలు 'సహజ మరణం', 'గుండె ఆగిపోవడం', 'శ్వాస ఆగిపోవడం'. గార్డియన్ చూసిన రికార్డుల్లో భారతీయుల మరణాల్లో 80 శాతం ఇలా సహజమని రాసినవే. 2021 ఆగస్టులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 18 మరణ ధ్రువపత్రాలు పరిశీలిస్తే, 15 పత్రాల్లో అసలు కారణం గురించి ఏ సమాచారమూ లేదు. ఇలాంటి మరణాల్లో శవపరీక్ష అరుదు.

సర్వర్ పడిపోయిందని ఫోనొస్తుంది. తెల్లారి రూట్ కాజ్ రిపోర్టులో "కారణం: సర్వర్ ఆగిపోవడం" అని రాసి పంపితే మేనేజరు ఊరుకుంటాడా? గుండె ఆగడం అనేది చావుకి కారణం కాదు, చావుకి మరో పేరు. మరణ ధ్రువపత్రంలో మూలకారణం దగ్గర ఇలాంటి మాటలు రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్లకి స్పష్టంగా చెబుతుంది. నిరూపించవలసినదాన్నే హేతువుగా చూపించడాన్ని గౌతముడి న్యాయసూత్రాలు సాధ్యసమం అన్నాయి.

అంటే ఈ పత్రాల్లో 'కారణం' అనే కాలమ్‌లో ఉన్నది నల్. డేటాబేసుతో పనిచేసే ప్రతివాడికీ మొదటి ఏడాదే తగిలే దెబ్బ ఒకటుంది: నల్ అంటే సున్నా కాదు, 'తెలియదు' అని. ఒక కాలమ్‌ని కౌంట్ చేస్తే నల్ ఉన్న వరసలు చప్పుడు లేకుండా జారిపోతాయి. రిపోర్టు చూసేవాడికి ఏదో తప్పిపోయిందన్న అనుమానం కూడా రాదు. '3' అనేది అలాంటి కౌంట్. పడిపోవడం, వాహనం కింద పడడం లాంటి కళ్ళకి కట్టే మరణాలు లెక్కకొచ్చాయి. మధ్యాహ్నమంతా ఎండలో పనిచేసి రాత్రి క్యాంపు గదిలో నిద్రలో పోయినవాడి వరస ఆ లెక్కలోకి రాలేదు.

"ఆధారం లేదు కదండీ, మరి లేనట్టే కదా" అని ఒక వాదం. దీనికి మనవాళ్ళు చక్కని జవాబిచ్చారు. గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదు అనవచ్చా? అనవచ్చు, ఒక షరతు మీద. కుండ ఉండి ఉంటే కనబడగలిగే పరిస్థితి ఉండాలి. అంటే గదిలో దీపం వెలుగుతూ ఉండాలి. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ గురించి ఏమీ తెలియదు, చీకటి గురించి మాత్రం తెలుస్తుంది. శవపరీక్ష జరగకపోతే దీపం వెలిగించనట్టే.

దీపం వెలిగించమని అడిగినవాళ్ళు లేకపోలేదు. ఖతార్ ప్రభుత్వమే నియమించుకున్న డీఎల్ఏ పైపర్ అనే న్యాయసంస్థ 2014లోనే, గుండె ఆగి చనిపోతున్న వలస కార్మికుల మరణాల మీద స్వతంత్ర అధ్యయనం జరిపించమని, అనుకోని మరణాల్లో శవపరీక్షకి వీలయ్యేలా చట్టం మార్చమని సూచించింది. పైన చెప్పిన కార్మిక సంస్థ నివేదిక కూడా, ఆరోగ్యంగా ఉన్న యువ కార్మికుల 'సహజ' మరణాల దర్యాప్తు మెరుగుపడాలని చెప్పింది.

ఈ చీకట్లో ఏముండవచ్చో కొంత సూచన ఉంది. 2019లో కార్డియాలజీ అనే వైద్యపత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2009 నుంచి 2017 దాకా ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల మరణాల్ని, ఆయా రోజుల వేడితో పోల్చి చూశారు. గుండె సంబంధమని రాసిన 571 మరణాల్లో 200 దాకా, ఎండనుంచి తగిన రక్షణ ఉంటే తప్పి ఉండేవని తేల్చారు. అది నేపాలీల లెక్క, మన లెక్క కాదు. ఎండకి మాత్రం పాస్‌పోర్టుతో పని లేదు.

ఇంతకీ తేలిందేమిటంటే, రెండు పక్షాలదీ ఒకటే బగ్. కాలమ్‌లో నల్ ఉంది. ఒకరు ప్రతి నల్‌నీ 1 చేసి 6,500 తెచ్చారు. ఇంకొకరు ప్రతి నల్‌నీ 0 చేసి 3 తెచ్చారు. రెండు హేతువులు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి ఆపేస్తే దాన్ని సత్ప్రతిపక్షం అంటారు. అలాంటప్పుడు గొంతు పెంచితే లాభం లేదు, కొత్త సాక్ష్యం కావాలి.

ఏ కుండలో మెతుకు?

ఖతార్ ప్రభుత్వం ఇంకో మాట కూడా చెప్పింది. జనాభా ఎంతో, ఏ వయసులవాళ్ళో చూస్తే ఈ మరణాలు ఊహించదగ్గ పరిధిలోనే ఉన్నాయని. ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. హారం లేని లవం ఎవరినైనా భయపెడుతుంది. లెక్క వేసి చూద్దాం. పదేళ్ళలో 6,751 అంటే ఏడాదికి సుమారు 675. ఈ ఐదు దేశాలవాళ్ళు ఖతార్‌లో పది లక్షలకి పైగా ఉన్నారు. అంటే వెయ్యికి ఏడాదికి 0.7 కన్నా తక్కువ. 2019లో భారతదేశంలో మరణాల రేటు వెయ్యికి సుమారు 6. "చూశారా, ఇండియాలోకంటే ఇక్కడే క్షేమం!" అనేస్తే సరి.

సరి కాదు. భారతదేశపు 6లో పసిపిల్లలున్నారు, ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళున్నారు. ఖతార్ వచ్చేవాడు నడివయసు లోపు మనిషి, వీసాకి ముందు మెడికల్ పరీక్ష నెగ్గినవాడు. తీవ్రంగా జబ్బుపడితే చాలామంది ఇంటికి తిరిగిపోతారు, ఆ తర్వాత పోతే ఆ మరణం ఊళ్ళో లెక్కకొస్తుంది. వడపోసిన నీళ్ళని చెరువు నీళ్ళతో పోల్చి శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నట్టుంటుంది. వయసు సరిచూసుకుని, అదే మెడికల్ నెగ్గి నీడలో పనిచేసేవాళ్ళతో పోల్చాలి.

దీనికి అన్నంభట్టు దగ్గర ఇంకో పరికరముంది: ఉపాధి. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె ఉండాలి. ఆ తడికట్టే ఉపాధి, పైకి చెప్పకుండా దాగి ఉన్న షరతు. 'ఖతార్‌లో ఉండటం' ఒక్కటే చూస్తే మనమూ అక్కడే ఉన్నాం, ఏసీలో. తడికట్టె ఏది? మధ్యాహ్నం ఎండ, పని గంటలు, వెట్టుకోవడానికి నీడ లేకపోవడం. స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేసినవాడు కన్‌ఫౌండర్ అనే దానికి ఇది దగ్గరి చుట్టం.

"మా బావమరిది పదేళ్ళుగా ఉన్నాడండీ, నిక్షేపంలా ఉన్నాడు" అనేవాళ్ళు కూడా ఈ కుండలోవాళ్ళే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు, నిజమే. ఆ కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడికాయి కనక. బావమరిది అకౌంటెంటు అయితే ఆయన వేరే కుండలో మెతుకు. పైగా పదేళ్ళయినా నిక్షేపంలా ఉన్నవాళ్ళే విందుకొచ్చి మాట్లాడతారు. మిగిలినవాళ్ళు మాట్లాడటానికి లేరు.

ఒప్పించే విద్యలు

ఇంతవరకు హేతువుల తప్పులు. హేతువు అవసరం లేకుండానే ఒప్పించే విద్యలు వేరే ఉన్నాయి. వాటికి పాఠ్యపుస్తకంలా నిలిచిపోయేది 2022 నవంబరు 19న, పోటీల ముందురోజు, దోహాలో ఫిఫా అధ్యక్షుడు జానీ ఇన్ఫాంటినో చేసిన గంటసేపటి ప్రసంగం. ఈ రోజు నేను ఖతారీనని, అరబ్బునని, ఆఫ్రికావాణ్ణని, వలస కార్మికుణ్ణని అనిపిస్తోందంటూ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తన ఎర్రజుట్టుని చూసి తోటి పిల్లలు ఏడిపించారన్నాడు. వినేవాళ్ళ మనసు కరుగుతుంది. అయితే కార్మికుణ్ణనిపించినంత మాత్రాన కార్మికుడి మరణ ధ్రువపత్రంలో ఖాళీ నిండదు.

అదే ప్రసంగంలో, యూరోపియన్లు మూడు వేల ఏళ్ళుగా ప్రపంచానికి చేసినదానికి రాబోయే మూడు వేల ఏళ్ళు క్షమాపణ చెప్పుకోవాలి, ఆ తర్వాతే నీతులు చెప్పాలి అన్నాడు. దీన్ని మన ఊళ్ళో "నువ్వేం తక్కువ తిన్నావా?" అంటారు. వలసపాలన రుచి తెలిసిన మనకి ఆ మాట చెవికింపుగానే ఉంటుంది. అందులో నిజమూ ఉంది. కాని అడిగినవాడి చరిత్ర మంచిది కాకపోతే ప్రశ్న చెడ్డదైపోదు. దొంగ చూపించినా ఇల్లు కాలుతుంటే కాలుతున్నట్టే.

మనవాళ్ళ విందుల్లో వినిపించేవి ఇంకొన్ని:

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వచ్చినవాళ్ళు ఇష్టపడే వచ్చారుగా." సామెత వేస్తే వాదన గెలిచినట్టనిపిస్తుంది. కాని పక్కన ఇంకో సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పైగా ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి వచ్చినవాడి 'ఇష్టం' ఎంత స్వేచ్ఛగా ఉంటుందో ఆలోచించాలి.

"అయితే ఉద్యోగం మానేసి ఇంటికి పోండి, లేదా నోరు మూసుకోండి." మూడో దారి లేదన్నట్టు మాట్లాడటం. 2020 ఆగస్టులో ఖతార్, ఉద్యోగం మారడానికి యజమాని అనుమతిపత్రం అక్కర్లేదని చట్టం మార్చింది. 2021 మార్చినుంచి అందరికీ నెలకి 1,000 రియాళ్ళ కనీస వేతనం వచ్చింది. ఇవి ఇంటికి పోయినందువల్లా రాలేదు, నోరు మూసుకున్నందువల్లా రాలేదు.

"ఖతార్‌ని విమర్శిస్తున్నారంటే మీరు అరబ్బుల మీద ద్వేషంతో మాట్లాడుతున్నారు." "ఖతార్‌ని సమర్థిస్తున్నారంటే జీతం మాట్లాడిస్తోంది." ఈ రెండూ కవలలు. వాదనని వదిలి మనిషిని కొట్టడం. ఒకరి మాట వెనక ద్వేషమో జీతమో ఉండవచ్చు. అయినా ఆ మాట నిజమో కాదో విడిగా చూడవలసిందే.

వాదం, జల్పం, వితండం

'వితండవాదం' అని మనం తిట్టులా వాడతాం. న్యాయసూత్రాల్లో దానికి కచ్చితమైన అర్థముంది. చర్చ మూడు రకాలు. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం, ఇందులో ఛలాలు గట్రా అన్నీ వాడతారు. సొంతంగా ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండం.

తర్కదోషాల జాబితా కంఠతా పట్టినవాడికి వితండం చాలా సులువు. ఎదుటివాడు నోరు తెరవగానే "ఇది ఫలానా దోషం" అని చీటీ అంటిస్తాడు. కోడ్ రివ్యూలో ప్రతి లైనుకీ వంక పెట్టి, తాను ఒక్క టెస్టూ రాయని సహోద్యోగి అందరికీ తెలుసు. 6,500 తప్పని చూపించి చేతులు దులుపుకోవడం వితండం. 3 తప్పని చూపించి చేతులు దులుపుకోవడమూ వితండమే. వాదం కావాలంటే ఇద్దరూ కలిసి ఆ నల్‌ని ఎలా నింపాలో మాట్లాడాలి.

అది నింపడం ఎందుకంత ముఖ్యమంటే, పని వల్ల మరణమని తేలితేనే ఖతార్ కార్మిక చట్టం కింద కుటుంబానికి పరిహారం. 'సహజ మరణం' అన్న ఒక్క మాటతో ఆ దారి మూసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షల రూపాయల సాయం ఇచ్చేలా ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. కాని మా ఆయన ఎందుకు పోయాడన్న ఇల్లాలి ప్రశ్నకి అది జవాబు కాదు.

కారణం తెలిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2021లో ఖతార్ ఎండవేళ బయటి పనుల నిషేధాన్ని పెంచింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని ఉండకూడదు. వేడి, తేమ కలిపి చూసే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలి. రెడ్ క్రెసెంట్ నడిపే నాలుగు క్లినిక్‌లకి వడదెబ్బ లాంటి బాధలతో వచ్చినవాళ్ళు 2020 వేసవిలో 1,520 మంది, 2021లో 620, 2022లో 351 అని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పింది. కాకి వాలింది, తాటిపండు పడింది అన్న కాకతాళీయ న్యాయం ఇక్కడా వర్తించదా అంటే, అడగవలసిన ప్రశ్నే. ఆ ఏళ్ళలో కోవిడ్ ఉంది, కార్మికుల సంఖ్యా మారింది. మనకి నచ్చిన ఫలితాన్నీ అదే జల్లెడ పట్టాలి. అయినా ఎండకీ జబ్బుకీ సంబంధం ముందే తెలిసినది కనక, ఈ తగ్గుదలలో నిషేధానికి వాటా ఉందనుకోవడానికి గట్టి కారణముంది.

వచ్చే విందుకి

2024 డిసెంబరు 11న ఫిఫా 2034 ప్రపంచకప్‌ని సౌదీ అరేబియాకి ఖరారు చేసింది. అక్కడా స్టేడియంలు లేస్తాయి. మన పల్లెలనుంచి విమానాలెక్కేవాళ్ళూ ఉంటారు. కొత్త సంఖ్యలు వస్తాయి, కొత్త తగాదాలూ వస్తాయి. అప్పటికి చేతిలో ఉంచుకోవలసిన ప్రశ్నలు ఐదు:

1. ఈ సంఖ్య ఎవరిని లెక్కపెట్టింది? వేర్ క్లాజు ఏమిటి?
2. తెలియని వరసల్ని ఏం చేశారు? 1 చేశారా, 0 చేశారా?
3. దేంతో పోల్చారు? రెండూ ఒకే కుండలోవేనా?
4. ఎదుటివారి హేతువు పడిపోయింది సరే, నా మాటకి హేతువుందా?
5. ఏ సాక్ష్యం చూపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను?

ఐదోదానికి జవాబు లేకపోతే అది జల్పమో వితండమో అయి ఉంటుంది. బిర్యానీ చల్లారకముందే తినేయడం మంచిది.

జవాబుంటే మాత్రం మనం చెయ్యగలిగిన పని ఉంది. తెలిసినవాళ్ళెవరైనా ఇక్కడ పోతే, శవాన్ని త్వరగా ఇంటికి పంపించాలన్న తొందరలో మనవాళ్ళు చదవకుండానే కాగితాలు అందుకుంటారు. అరబిక్, ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళం మనమే. ఆ కాగితంలో మరణ కారణం అన్న గడిలో ఏం రాశారో చూడాలి. 'గుండె ఆగిపోయింది' అని మాత్రమే ఉంటే, ఎందుకాగిందని ఆసుపత్రిలో, కంపెనీలో, మన రాయబార కార్యాలయంలో కుటుంబం తరఫున మర్యాదగా, రాతపూర్వకంగా అడగాలి. ప్రతిసారీ జవాబు వస్తుందని కాదు. కాని ఒక్క గడి నిండినా, రాబోయే వాదనలో ఒక నల్ తగ్గుతుంది.